పదకొండు గంటల ఆట

కిటికీ ఊచకు నాలుక ఆనించింది పిల్ల. చల్లగా ఉందంట... ఉప్పగా ఉందంట.

వద్దన్నాను. మళ్ళీ ఆనించింది. ఎవరూ చూడకుండా నేనూ నాలుక చివర తాకించి చూశాను. ఉప్పగానే ఉంది. ఎన్ని చేతులు పట్టుకున్నాయో ఆ ఊచను.

ఇప్పుడే తెల్లవారింది. దిగేది సాయంత్రం అయిదింటికి. మధ్యలో పదకొండు గంటలు. నాలుగేళ్ళ పిల్లను పదకొండు గంటలు ఒకచోట కూర్చోబెట్టడం ఎంత పనో కన్నవాళ్ళకు తెలుస్తుందంటారు.

నేను కనలేదు. నాకూ తెలుసు.

కన్నది మా అక్క. బావ అప్పటికే చెప్పాపెట్టకుండా ఎటో వెళ్ళిపోయాడు. అక్కకు దూరంగా ఎక్కడో నర్సు ఉద్యోగం వచ్చింది. హాస్టల్లో ఒక మంచం ఇస్తారు, పసిపిల్లలకు చోటు లేదు. నలభయ్యో రోజున పిల్లను నా ఒళ్ళో పెట్టి, "ఆరు నెలలేనే," అంది.

నా కుట్టుమిషన్ పక్కనే గుడ్డ ఉయ్యాల కట్టాను. మిషన్ తొక్కుతుంటే నిద్రపోయేది. ఆపితే లేచేది. అందుకని కుట్టడానికి ఏమీ లేకపోయినా ఉత్త మిషన్ తొక్కేదాన్ని. ఆ ఆరు నెలలూ నాలుగేళ్ళయ్యాయి.

ఇప్పుడు అక్కకు క్వార్టర్స్ ఇచ్చారు. రెండు గదులు, కిటికీలకు దోమతెరలు, వీధి చివరే బడి. పిల్లను తీసుకురమ్మంది.

నేను అక్కను అక్కా అంటాను. అది విని విని పిల్ల కూడా అక్కా అనే అంటుంది. నన్ను అమ్మా అంటుంది. ఎవరూ నేర్పలేదు... ఎవరూ దిద్దనూ లేదు. దిద్దవలసింది నేను. రేపు చూద్దాంలే, ఎల్లుండి చూద్దాంలే అనుకుంటూ కాజాలు కుట్టుకున్నాను.

పోయిన వారం ఫోన్లో "అక్కా, అన్నం తిన్నావా?" అని అడిగింది పిల్ల. ఫోన్ నాకివ్వమంది అక్క.

"స్టేషన్‌కి మా వార్డు వాళ్ళంతా వస్తామన్నారే. నా కూతురొస్తోందని అందరికీ చెప్పుకున్నా. వాళ్ళ ముందు నన్ను అక్కా అందనుకో, నా మొహం ఎక్కడ పెట్టుకోను? రైలు దిగేలోపు మార్పించు. నీ మాటైతే వింటుంది."

నా మాటైతే వింటుంది. నా ఖర్మంతా అక్కడే ఉంది.

వారం రోజులూ నోరు రాలేదు. రైలెక్కాక ఇక తప్పలేదు.

మొదటి రెండు గంటలూ కిటికీయే చూసుకుంది. స్తంభాలు పోయాయి. చెట్లు పోయాయి. పొలాల్లో కొంగలు లేచాయి, వాలాయి, వెనక్కి పోయాయి. "అవి కూడా మనతో వస్తున్నాయా అమ్మా?" రావడం లేదమ్మా. వాటి చోటు అదే. రెండు అరటిపళ్ళు అయ్యాయి. తోకలేని కోతి కథ మూడుసార్లు అయింది. ఎదుటి సీట్లో ఉన్న పెద్దావిడ కళ్ళజోడు కూడా ఒకసారి పెట్టుకుని చూడడం అయింది. అప్పుడు మొదలుపెట్టింది, "దిగుదాం అమ్మా," అని.

అప్పుడు గుండీల డబ్బా తీశాను.

పాత చొక్కాలవి, చినిగిన గౌన్లవి, ఎవరెవరి కోట్లవో. నాలుగేళ్ళుగా అదే దాని బొమ్మల పెట్టె. ఒక గట్టి దారం తీసి, చివర ముడివేసి, చెప్పాను.

"ఆట ఆడదామా? ఇప్పుడు నేను పిన్నిని. ఫోన్లో కనబడి మాట్లాడే అక్క ఉంది చూడు, తను అమ్మ. సరిగ్గా పిలిస్తే దారానికి ఒక గుండీ. తప్పు పిలిస్తే ఒకటి తీసేస్తా."

"ఎప్పటిదాకా?"

"రైలు దిగేదాకా."

అబద్ధం అంత సాఫీగా నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

పిల్లకు భలే నచ్చింది. పిన్నీ, నీళ్ళు. పిన్నీ, ఆవు. పిన్నీ పిన్నీ పిన్నీ... ఊరికే పిలిచి, చెయ్యి చాపేది. గుండీ ఎక్కించేదాన్ని. ఏమరుపాటున అమ్మా అని, వెంటనే నాలుక కరుచుకుని, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకునేది. ఒక గుండీ తీసేదాన్ని. తీసేటప్పుడు నా వేళ్ళు తొందరపడేవి కావు. ఆ తప్పు ఇంకాసేపు అక్కడే ఉంటే బాగుండనిపించేది.

పెద్దావిడ చూస్తూనే ఉంది. చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

"పొద్దున అమ్మా అంది. ఇప్పుడు పిన్నీ అంటోంది. ఇంతకీ నువ్వేమవుతావమ్మా?"

నేను నోరు తెరిచేలోపే పిల్ల అందుకుంది.

"ఇది ఆట బామ్మా! నిజంగా కాదు."

పెద్దావిడ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏమవుతానో నాకు తెలుసు కనక నవ్వాను.

మధ్యాహ్నం ఎండ రైలు పెట్టెలోకి వచ్చి పడింది. పిల్ల నా తొడ మీద తల పెట్టుకుని నిద్రపోయింది. నిద్రలో పెదాలు కదిలాయి... అమ్మా అంది. గుండీ తియ్యలేదు. ఊఁ అన్నాను.

ఆ ఊఁ ఎవరికీ చెప్పను. అక్కకు అసలు చెప్పను.

బయట నీళ్ళు లేని ఏరు. ఇసుకలో కొంగలు, ఏం దొరుకుతుందని నిలబడ్డాయో. పైన సంచిలో పిల్ల గౌన్లు ఆరు. అన్నీ నేను కుట్టినవే. ఒక్కోదానికీ లోపల అంచున నాలుగు వేళ్ళ మడత వదిలాను, పిల్ల ఎదిగేకొద్దీ ఒక్కో కుట్టూ విప్పి పొడుగు చేసుకోవచ్చని. పిల్లల బట్టలు అలాగే కుట్టాలి. ఇప్పుడు ఆ మడతలు ఎవరు విప్పుతారు? అక్కకు సూదిలో దారం ఎక్కించడం రాదు. పొట్టివైపోయాయని ఎవరికో ఇచ్చేస్తుంది. పోనీ చీటీ రాసి పెడదామనుకున్నాను... మళ్ళీ ఒళ్ళు మండింది. ఎందుకు రాయాలి? కన్నది కదా, వెతుక్కోనీ అనుకున్నాను.

తర్వాత సిగ్గేసింది. రాయలేదు మాత్రం.

నిద్ర లేచాక పిల్ల ఒక్క తప్పూ చెయ్యలేదు.

ఒక్కటి కూడా.

నేనే వదల్లేదు. పట్టుకుని మరీ అడిగాను.

"నీకు జడ ఎవరేశారు?"

"పిన్ని."

"జ్వరమొస్తే భుజాన వేసుకుని తిప్పింది ఎవరు?"

"పిన్ని!"

"తలుపు సందులో వేలు నలిగితే నీకంటే గట్టిగా ఏడ్చింది ఎవరు?"

"పిన్ని పిన్ని పిన్ని!" పడీ పడీ నవ్వింది. చెయ్యి చాపింది.

దారం నిండిపోయింది. దాని మెడలో వేశాను. నా మాటైతే వింటుందని అక్క ఊరికే అనలేదు.

అయిదింటికి రైలు ఆగింది.

ప్లాట్‌ఫాం మీద అక్క. పక్కన తెల్లబట్టల్లో నలుగురు నర్సులు, ఒకామె చేతిలో బెలూన్. అక్క కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ చుట్టుకుంటోంది. చిన్నప్పుడు పరీక్ష ఫలితాల రోజున అలాగే చేసేది. అక్క భయం చూసి జాలేసింది. జాలితో పాటే ఇంకొకటి కూడా లోపల కదిలింది. ఒక్క తప్పు. ఒకే ఒక్క తప్పు చెయ్యవే తల్లీ... ఇంతమందిలో, ఒక్కసారి.

పిల్లను మెట్ల మీంచి కిందికి దించాను. అది అక్కను చూసింది. నన్ను చూసింది. కళ్ళు చిలిపిగా మెరిశాయి.

"అమ్మా!" అని అరిచింది.

అక్క వైపు తిరిగి.

నర్సులు చప్పట్లు కొట్టారు. అక్క పరుగున వచ్చి పిల్లను ఎత్తుకుని ఏడ్చింది. ఏడుస్తూనే వాళ్ళకు నన్ను చూపించింది.

"మా చెల్లెలు. ఇన్నాళ్ళూ కాస్త చూసుకుంది."

కాస్త.

"థాంక్సే," అంది నాతో. బుద్ధెరిగాక మా అక్క నాకు థాంక్స్ చెప్పడం అదే మొదలు. ఫర్వాలేదక్కా అన్నాను. పరాయివాళ్ళతో అన్నట్టే అన్నాను.

అందరూ గేటు వైపు కదిలారు. నేను సంచులు పట్టుకుని వెనకాల నడిచాను. పిల్ల అక్క భుజం మీంచి నా వైపే చూస్తోంది.

"పిన్నీ... రైలు దిగేశాం కదా. నేను గెలిచానా?"

"గెలిచావు," అన్నాను.

దాని మొహం వెలిగిపోయింది. ఇక ఆట అయిపోయిందన్న ధైర్యంతో, రెండు చేతులూ నా వైపు చాచింది. అక్క ఆగిపోయింది. చెయ్యి పిల్ల వీపు మీద ఇంకా గట్టిగా బిగిసింది. నర్సులు కూడా ఆగి నన్నే చూస్తున్నారు.

నా రెండు చేతుల్లోనూ సంచులున్నాయి.

కింద పెట్టలేదు.