బుల్లిపండును మార్చేసిన తాత

నలభై ఏళ్లు పండ్ల మార్కెట్లో బేరాలాడిన మనిషి చేతికి ఫోన్లో ఆట ఇచ్చి వెళ్లడం పిల్ల తప్పేనని ఎవరైనా అంటే నేనొప్పుకోను. తప్పంతా తాతదే.

మనవరాలికి పదేళ్లు. అమ్మానాన్నా పోయాక పెద్దమ్మ ఇల్లూ, బాబాయి ఇల్లూ, మేనమామ ఇల్లూ తిరిగి, తాత కొట్టు మూసి తీరిక చేసుకున్నాక, నెల కిందట ఇక్కడికొచ్చింది. ఆ ఇళ్లన్నిటా ఆమె వెంట ఉన్నది బుల్లిపండు ఒక్కటే. ఫోన్లో రాక్షసుల్ని పెంచి ఒకరితో ఒకరు మార్చుకునే ఆటలో ఎర్రగా, గుండ్రంగా, నెత్తిన మూడాకులతో, తీయటి వాసన చిమ్ముతూ దొర్లే జీవి అది.

ఆ పొద్దున బడికెళ్తూ ఫోన్ తాతకిచ్చింది.

"మధ్యాహ్నం దీనికి నీళ్లు పెట్టు తాతయ్యా. ఇంకేం నొక్కకు."

నెల రోజుల్లో ఆ పిల్ల ఇంత మాట్లాడింది ఇప్పుడే. నన్ను నమ్మింది, ఇక ఇక్కడ నిలుస్తుంది అని తాత పొంగిపోయాడు.

నీళ్లు పెట్టగానే తెర మీద "సువాసన పూర్తి" అని వచ్చింది. వెంటనే ఎవరో ఆటగాడు అడిగాడు, "మీ పండు ఇస్తారా? నా అగ్నిసర్పం ఇస్తా" అని. వాసన తేలిన సరుకు ఆ పూటే కొట్టు దాటాలి, లేకపోతే కుళ్లుతుంది. ఆ వేళ్లకి వచ్చిన విద్య అదొక్కటే. పండుకి పామా, బేరం బాగుందే అనుకుని "సరే" నొక్కేశాడు మహానుభావుడు.

బుల్లిపండు దొర్లుకుంటూ తెర దాటిపోయాక గానీ అది మనవరాలిదని గుర్తు రాలేదు.

కళ్లజోడు పెట్టుకుని ఒంటి వేలితో రాశాడు. "బాబూ, పొరపాటైంది. వెనక్కివ్వు." జవాబు లేదు. "అది నా మనవరాలిది. నీ కాళ్లు పట్టుకుంటా." అన్నం ముట్టలేదు. ఆ గోడకీ ఈ గోడకీ తిరిగాడు. పిల్ల మళ్లీ మూగదైపోతుందేమోనని గడియారాన్నీ ఫోన్నీ మార్చి మార్చి చూశాడు.

మూడున్నరకి జవాబొచ్చింది. "ఇస్తా తాతా, నాకేం. కానీ చేతులు మారితే అది పెరిగి రూపం మారిపోతుంది. తెలీదా?"

తిరిగొచ్చింది పొడుగాటి ఆకుల మనిషి. పిలిస్తే దొర్లదు. వాసన లేదు. పాత రూపానికి దారి ఉంటుందేమోనని తాత కనిపించిన ప్రతి బొమ్మా నొక్కాడు. లేదు. దానంతటదే పెరిగిందని చెబుదామనుకున్నాడు. పిల్ల గుమ్మంలోకి రాగానే అబద్ధం నోటికి రాలేదు.

ఆమె ఫోన్ అందుకుని తెర చూసింది.

"ఏమైంది తాతయ్యా?"

"ఎవరో అడిగితే ఇచ్చేశానమ్మా. నా బుద్ధి గడ్డి తింది."

ఏడుస్తుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె ఫోన్ నెమ్మదిగా బల్ల మీద పెట్టి, బడి బట్టల్లోనే అతని ఎదురుగా నిలబడింది.

"మరి నన్నెప్పుడు ఇచ్చేస్తావు?" అంది.