వెయ్యని కార్డు

పన్ను తీసేసిన చోటు ఖాళీగా ఉండిపోదు. పక్క పళ్ళు కొద్దికొద్దిగా దాని మీదికి వాలతాయి. పైన ఉన్న పన్ను ఆనుకోవడానికి ఏమీ లేక కిందికి దిగడం మొదలుపెడుతుంది. ఆ నోరున్న మనిషికి ఇదేమీ తెలియదు. రోజూ తింటాడు, మాట్లాడతాడు, నవ్వుతాడు. ప్లాస్టర్ అచ్చు నా బల్ల మీదికి వచ్చాక నాకు తెలుస్తుంది. కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో మైనంతో పన్ను ఆకారం చెక్కడం నా పని.

మా ఆయన్ని పెళ్ళికి ముందు నుంచీ బావా అనే పిలుస్తాను. ఫోన్లో కార్డుల ఆట నాకు నేర్పింది బావే. ఇద్దరికీ చెరో కట్ట ఉంటుంది. వంతు వచ్చినప్పుడల్లా కట్టలోంచి ఒక కార్డు చేతిలోకి వస్తుంది. చేతిలో ఉన్నవాటిలోంచి జంతువునో మంత్రాన్నో బల్ల మీదికి దించాలి. ఎదుటివాడి ప్రాణం సున్నాకి తెస్తే గెలిచినట్టు. సోఫాకి చెరో చివర కూర్చుని ఆడేవాళ్ళం. ప్రతిసారీ నేనే ఓడిపోయేదాన్ని.

"పాపం, నీకు కార్డులే రావు మరదలా" అనేవాడు. ఆ గొంతులో జాలి నిజంగానే ఉండేది. చలికాలంలో ఎవరో దుప్పటి కప్పినట్టు ఉండేది నాకు.

ఒక ఆదివారం తమ్ముడొచ్చాడు. వాడు ఊరికి అవతలి చివర ఉంటాడు, లిఫ్టులు బాగుచేస్తాడు. అప్పటికి బావ క్షవరానికి వెళ్ళాడు. నేను ముక్కూ మొహం తెలియని మనిషెవరితోనో ఆడుతుంటే తమ్ముడు భుజం మీంచి చూసి తల పట్టుకున్నాడు.

"అక్కా, ఇది ఆటా, ఒలకబోతా? చేతిలోకి రావడం ఆలస్యం, బల్ల మీద పడేస్తున్నావ్."

"ప్రాణం నాకే ఎక్కువుందిగా?"

"ప్రాణం చూసుకుని మురిసిపో. చేతులు చూడు. నీకు ఒక్క కార్డు, వాడికి ఆరు. నువ్వేం చేస్తావో వాడికి తెలుసు. వాడేం చేస్తాడో దేవుడికి కూడా తెలీదు."

"ఒకటికి ఒకటే కదరా పోయింది? నా తోడేలు చచ్చింది, వాడి గుడ్లగూబ చచ్చింది. చెల్లుకి చెల్లు."

"అదిగో, అక్కడే పప్పులో కాలేశావ్. ఆ గుడ్లగూబ వస్తూ వస్తూనే వాడికి ఇంకో కార్డు తెచ్చిపెట్టింది. ఆ తర్వాత అది చస్తే ఎంత, బతికితే ఎంత? పైకి చెల్లుకి చెల్లే. లోపల నువ్వు ప్రతిసారీ ఒకటి తక్కువ."

"మీ బావ కట్టలో అన్నీ అలాంటివే."

"బావ సంగతి నాకు చెప్తావా? చిన్నప్పుడు గోలీలాటలో నా గోలీలు నాకే అరువిచ్చేవాడు." తమ్ముడు నవ్వాడు. "ఆగడం నేర్చుకో. వాడు బల్లంతా నింపుకునేదాకా ఆగి 'వరద' లాంటి మంత్రం ఒక్కటి వెయ్యి. నీది ఒకటి పోతుంది, వాడివి అయిదు కొట్టుకుపోతాయి. ఓడిన ఆటలు మళ్ళీ పెట్టుకుని చూడు కూడా. అయిపోయిన ఆటలో ఇద్దరి చేతులూ కనిపిస్తాయి."

ఆ వారం ల్యాబులో భోజనాల వేళ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, బావ చేతిలో ఓడిన ఆటలు ఒక్కొక్కటే మళ్ళీ చూశాను. పైన బావ చేయి, కింద నా చేయి, రెండూ తెరిచి ఉన్నాయి. నాకు కార్డులు రాకపోవడం అబద్ధం. వచ్చినవి వచ్చినట్టు అతను రాల్చేశాడు. అంతవరకు ఆటే అనుకున్నాను. కానీ ఇంకోటి కనిపించింది. చాలాసార్లు నన్ను ముగించే కార్డు అతని చేతిలో ముందే ఉంది. వెయ్యలేదు. ఇంకో వంతు, ఇంకో వంతు ఆగాడు. నా చేతిలో ఉన్న ఆఖరి కార్డు కూడా పోయాక, నేను వంతు వదిలేయడం తప్ప ఏమీ చేయలేని స్థితికి వచ్చాక, అప్పుడు గెలిచాడు.

అన్నం డబ్బా మూత పెట్టేశాను. తినాలనిపించలేదు.

మనసు ఒకచోట ఒక ఆకారం పట్టుకుంటే ఇక అన్నిచోట్లా దాన్నే వెతుకుతుంది. అది దాని జబ్బు. నాది జబ్బేనేమో అనే అనుకున్నాను. అయినా లెక్క వెయ్యకుండా ఉండలేకపోయాను. బావ సిగరెట్లు మానేశాడు, బదులుగా నేను స్కూటర్ మానేశాను. రోడ్లు బాగాలేవు, నువ్వు తిరిగొచ్చేదాకా నాకు గుండె దడ అన్నాడు. చెల్లుకి చెల్లు. కానీ స్కూటర్ పోయాక పొద్దున దింపడమూ సాయంత్రం తీసుకురావడమూ అతని చేతికి వెళ్ళాయి. తన స్నేహితుల్ని ఇంటికి పిలవడం మానేశాడు, నేను నా స్నేహితురాల్ని పిలవడం మానేశాను. ల్యాబులో నా పక్క బల్లే ఆమెది, నేను చెక్కిన పళ్ళకి పింగాణీ పూస్తుంది. అతని స్నేహితులకి బయట వంద చోట్లున్నాయి. నాకూ ఆమెకీ మిగిలింది ఆ రెండు బల్లల మధ్య సందు.

ఇదంతా కోపంతోనో కేకలతోనో జరగలేదు. ప్రతిసారీ ముందు అతనే ఏదో ఒకటి వదులుకున్నాడు. ఇచ్చినవాడితో తగువెలా పెట్టుకుంటాం?

ఇప్పుడు మూడోది. బావకి వేరే ఊళ్ళో పెద్ద ఉద్యోగం వచ్చింది. "నీకోసం బాల్కనీ ఉన్న ఇల్లు చూశాను. నువ్వు ల్యాబు మానేస్తున్నానని చెప్పెయ్. అక్కడ తీరిగ్గా చూసుకుందాం" అన్నాడు. నా చేతిలో ఉన్న కార్డు అదొక్కటే. నా మైనం, నా కత్తి, నెలాఖరుకి నా పేరున పడే జీతం. అది పోతే ఆ బాల్కనీలో నిలబడి వంతు వదిలేస్తూ ఉండాలి.

"చెప్పేశావా?" అని బుధవారం అడిగాడు.

"చెప్పేశాను" అన్నాను. చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం "ఒక ఆట ఆడదామా?" అన్నాడు. నా ఫోన్లో శబ్దం తీసేసి కూర్చున్నాను. ఆట మొదట్లోనే నాకు 'వరద' వచ్చింది. దాచుకున్నాను. బావ ఒక్కొక్కటే దించాడు: గుడ్లగూబ, రెండు కందిరీగలు, ఎముకల కుక్క, ఇంకో గుడ్లగూబ. బల్ల నిండింది. వరద వేస్తే అన్నీ పోతాయి, ఆట నాది. వేలు దాని మీద పెట్టాను. తలెత్తి బావని చూశాను. అతను తెర వైపు చూస్తూ సన్నగా ఈల వేస్తున్నాడు. నేను నేర్చుకున్నానని అతనికి తెలియకుండా ఉండటమే నాకున్న పెద్ద కార్డు అనిపించింది. వేలు తీసేశాను. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీశాను. ఓడిపోయాను.

"పాపం, నీకు కార్డులే రావు" అన్నాడు బావ. నేను కూడా నిట్టూర్చాను. ఆ నిట్టూర్పు బాగా కుదిరిందని లోపల సంతోషించాను.

సోమవారం పొద్దున జడ వేసుకుంటుంటే హాల్లోంచి ఆట శబ్దం వినిపించింది. ఇంత పొద్దున్నే ఎవరితో ఆడుతున్నాడా అనుకున్నాను. కార్డు జారిన చప్పుడు. గుడ్లగూబ కూత. కాసేపాగి కందిరీగల రొద. వెంటనే ఇంకో రొద. ఎముకల కుక్క. ఆ వరస నాకు తెలుసు. నిన్నటి ఆట.

గెలిచినవాడు పాత ఆట చూడడని ఎందుకు అనుకున్నానో నాకిప్పటికీ తెలియదు. నేను దూరిన తలుపు అతనికీ తెరుచుకుంటుందని తట్టనే లేదు.

నీళ్ళ గలగల వినిపించింది. వరద మీద వేలు పెట్టినప్పుడు వచ్చే శబ్దం అది. నిన్న నా ఫోన్ మూగగా ఉంది కాబట్టి నేను వినలేదు. తర్వాత నిశ్శబ్దం. ఆపాడు. జడ పాయలు వేళ్ళ మధ్య అలాగే ఉండిపోయాయి. వెనక్కి తిప్పినట్టున్నాడు, మళ్ళీ గలగల. మళ్ళీ నిశ్శబ్దం. ఇంకోసారి గలగల. ఆ తర్వాత ఆటని ఆపకుండా చివరిదాకా పోనిచ్చాడు. నా వంతులు వచ్చినప్పుడు మాత్రం ఈల వేశాడు.

"రెడీనా?" అని గుమ్మంలోకి వచ్చాడు. ఎప్పటిలాగే నా భోజనం సంచీ తనే పట్టుకున్నాడు.

కారులో సగం దారి వచ్చాం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగాడు.

"ఆ కార్డు ఎందుకు వెయ్యలేదు?"

"ఏ కార్డు బావా? చూసుకోలేదేమో."

"రెండుసార్లు వేలు పెట్టావ్. అయిపోయిన ఆటలో కనిపిస్తుంది." నవ్వాడు. "నన్ను గెలిపించాలనా?"

"ఊరికే. నువ్వు సంతోషంగా ఉన్నావని."

"మంచిదానివి." ఆకుపచ్చ దీపం వెలిగింది. వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు. అతను కదల్లేదు. "ఇంకా ఏమేం దాచావ్ మరదలా?"

"నా దగ్గర ఏముంటాయి, దాచడానికి?"

"అదే కదా నేనూ అనుకునేది" అని కారు పోనిచ్చాడు. ల్యాబు గేటు దగ్గర సంచీ అందిస్తూ, "సాయంత్రం దాకా ఎందుకులే, మధ్యాహ్నమే వస్తాను. మీ మేడంతో ఒకసారి మాట్లాడి, నీ సామానంతా సర్దుకుని వెళ్దాం" అన్నాడు.

పైకి వెళ్ళి ఏప్రన్ కట్టుకుంటున్నాను. ల్యాబు యజమానురాలు మేడం, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అమ్మాయ్, మీ ఆయన శుక్రవారం ఫోన్ చేశాడు. నువ్వు మానేస్తున్నట్టు చెప్పావా అని అడిగాడు. నాకేం తెలుసు? నాతో ఏమీ అనలేదే అన్నాను. నీకేమైనా ఇబ్బంది చేశానా?"

శుక్రవారం. అంటే ఆదివారం ఆట పెట్టేటప్పటికే అతనికి తెలుసు. గుడ్లగూబని దించేటప్పుడు తెలుసు, ఈల వేసేటప్పుడు తెలుసు. నేను ఒక కార్డు దాచానని మురిసిపోతుంటే, అతను నన్ను దాచుకోనిచ్చి, ఎలా దాస్తానో చూశాడు.  అయితే దాంతోనే ఒకటి తేటగా కనిపించింది. ఇక ఆగడంలో అర్థం లేదు. చేయి తెరిచి ఉన్న ఆటలో దాచుకున్న కార్డు కార్డే కాదు.

"నేను మానట్లేదండీ" అన్నాను.

మేడం కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "హమ్మయ్య. అయితే ఆ కింద దవడ త్వరగా కానియ్, డాక్టరు రెండుసార్లు అడిగాడు" అని వెళ్ళిపోయింది.

ఫోన్ బల్ల మీద వణికింది. బావ ఆటకి పిలుస్తున్నాడు. తెర మీద ఒక వత్తి వెలిగి కాలుతూ వచ్చింది. కాలిపోయేలోగా ఒప్పుకోవాలి. చూస్తూ ఊరుకున్నాను. ఆరిపోయింది. వెంటనే ఇంకోటి వెలిగింది.

పక్క బల్ల దగ్గర స్నేహితురాలు కుంచె కడుగుతోంది.

"నీ స్కూటర్ ఎక్కడుంది?"

"వెనక గేటు దగ్గర. ఎందుకే?"

"నన్ను మా తమ్ముడి దగ్గర దింపుతావా? మధ్యాహ్నం లోపు."

ఆమె కుంచె కింద పెట్టింది. "మీ ఆయన నాకూ ఫోన్ చేశాడు, శనివారం."

"ఏం చెప్పావ్?"

"ఇంటికి రావద్దన్న మనిషి ఫోన్ చేస్తే చెప్పడానికేముంటుంది? ఎత్తలేదు." చేతులు తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళింది. బ్లైండు పలక ఒకటి వేలితో వంచి చూసి అలాగే నిలబడిపోయింది. "మధ్యాహ్నం వస్తానన్నాడా?"

"అవును."

"కింద ముందు గేటు దగ్గరే ఉంది కారు. అసలు వెళ్ళినట్టే లేడు." వెనక్కి తిరిగింది. "హెల్మెట్ ఒక్కటే ఉంది నా దగ్గర."

"పర్వాలేదు."

"నువ్వు పెట్టుకో. మొహం కనపడదు."

ఏప్రన్ ముడి విప్పాను. చెక్కే కత్తిని గుడ్డలో చుట్టి సంచీలో పెట్టుకున్నాను. బల్ల మీద ఫోన్‌లో వత్తి మళ్ళీ వెలిగింది. దాన్ని అక్కడే కాలనిచ్చి, దీపం వెయ్యకుండా వెనక మెట్ల వైపు నడిచాం. మొదటి మలుపు దాటకముందే ముందువైపు లిఫ్టు పైకి వస్తున్న చప్పుడు, దాంతోపాటు సన్నగా ఈల వినిపించాయి.