ఎర్ర ముద్ద

"దాని చేతులు పడిపోను!" కుర్చీలో కూర్చుంటూనే జూరకాన్ తిట్ల దండకం అందుకుంది. "ముప్ఫై ఐదేళ్ల కిందట, కొచ్కోర్ మేత కొండల్లోకి వచ్చిన వైద్యుల బండిలో, మాస్కు కట్టుకున్న ఒక పిల్ల డాక్టరు నింపింది ఈ ముందు పన్ను. చూడు, బీట్‌రూట్ ముక్కలా ఎలా అయిందో!"

పళ్ల డాక్టర్ గుల్సున్ ఆ పన్ను వైపు వంగింది. ఆ పిల్ల డాక్టరు తనే. ఆ రోజుల్లో నరం తీసిన వేరులో అందరూ నింపే ఎర్ర ముద్దే తనూ నింపింది. అది బండరాయిలా గట్టిపడింది, ఇప్పుడు దాని కింద చీము పట్టింది; ఆ రాయిని తోడితే తప్ప పన్ను నిలవదు. ఆ నిజం బయటపెట్టకుండానే పనికి దిగింది.

జూరకాన్ నోటి కొముజ్ వాయిస్తుంది. ఆ ఇనుప ముక్కను ముందు పళ్లకు ఆనించి మీటితేనే పాట. "ఈ పన్ను పీకితే నా పాట పీకినట్టే" అంది.

పక్క కుర్చీ డాక్టరు తాలాయ్, ముల్లులాంటి ఫైలును మోటారుతో తిప్పే కొత్త రోటరీ మిషను తెచ్చాడు. "పది నిమిషాల పని, అక్కా." పైనున్న మెత్తటి ముద్దను మిషను నిజంగానే చిటికెలో తోడేసింది. రాయి తగలగానే మోటారు కీచుమంది. ఎక్స్‌రే తీస్తే ఫైలు మొన పన్ను పక్క గోడవైపు తిరిగి ఉంది.

"ఆపు. దానికి రాయికన్నా పన్నే మెత్తన. ఇంకాస్త నొక్కితే గోడ తొలిచేస్తుంది" అంది గుల్సున్.

"అయితే పీకేద్దామా?" అన్నాడు తాలాయ్.

"శుభం పలకరా నాయనా!" అని కసిరింది జూరకాన్.

గుల్సున్ వెంట్రుకంత సన్నని చేతి ఫైలు తీసుకుంది. ఒక చుక్క మందు, పావు తిప్పు, పైకి లాగి దూదికి తుడవడం. రాయి మీద ఫైలు గరగరమంటుంది, పన్ను గోడ మీద జారుతుంది. ఆ తేడా వేళ్లకే తెలుస్తుంది. పనిలో పడితే కూనిరాగం తీయడం ఆమెకు అలవాటు. మూడు రోజులు వచ్చింది జూరకాన్. వచ్చినప్పుడల్లా ఆ మాస్కు పిల్లను తిట్టిపోసింది. గుల్సున్ తిట్లు పడుతూనే గీకింది. మూడో రోజు ఫైలు వేరు చివరికంటా దిగింది; గుల్సున్ చీము శుభ్రం చేసి వేరును కొత్తగా నింపింది.

నెల తిరిగాక జూరకాన్ కొముజ్‌తో వచ్చింది. నొప్పి లేదు, పన్ను గట్టిగా ఉంది. గుల్సున్ ఇక ఉండబట్టలేకపోయింది.

"అక్కా, ఆ మాస్కు పిల్లను నేనే."

"తెలుసు. మొదటి రోజే తెలిసింది. అప్పుడూ ఇదే రాగం తీశావు."

"మరి మూడు రోజులూ అన్ని తిట్లెందుకు తిట్టావు?"

"తిట్టకపోతే అంత ఓపిగ్గా గీకేదానివా, తల్లీ?"

గుల్సున్‌కు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. జూరకాన్ ఆ ఎర్రబారిన పన్నుకు కొముజ్ ఆనించి, గుల్సున్ కూనిరాగాన్నే మీటింది.