స్తంభాల కింద టీ

పేరుకు దాన్ని గుడి అంటారు. అందులో దేవుడెప్పుడూ లేడు. ఎస్టేటు దొర ఒకాయన చల్లగా కూర్చుని పీచ్ పళ్లు తినడానికి గ్రీకుల పద్ధతిలో స్తంభాలెత్తి కట్టించుకున్నాడు. దొరల వంశం చితికిపోయాక అది మా ఊరి క్రికెట్ జట్టుకు పెవిలియన్ అయింది. నా భార్య హెస్టర్ బతికున్నన్నాళ్లూ ప్రతి శనివారం అక్కడే కీరా శాండ్‌విచ్‌లు చేసేది.

ఎస్టేటు కొన్న టార్ల్‌టన్ ఆ గుడిని పెళ్లిళ్లకు అద్దెకిస్తాడట. "పూర్వవైభవం" అంటూ మా స్కోరుబోర్డు పీకించి, మేకుల రంధ్రాలు పూడ్పించాడు. అదీ ఓర్చుకున్నాను. ఈ శనివారం ఏకంగా తలుపుకు తాళం వేశాడు. వచ్చిన జట్టుకు పైకప్పు కింద టీ ఇవ్వలేని ఊరికి లీగ్ వాళ్లు మ్యాచ్‌లు ఆపేస్తారు. అది తెలిసే వేశాడు! మేం పోతే ఆయన పెళ్లిళ్లకు అడ్డుండదు.

సరిగ్గా టీ వేళకు వాన మొదలైంది. అంపైర్ ప్రాత్ నా దగ్గరికొచ్చాడు.

"ఏమనుకోకండి. పైకప్పు లేకపోతే నేను రాసి పంపక తప్పదు."

"లేదని ఎవరన్నారు?" ఇంటి నుంచి టీ కెటిల్, శాండ్‌విచ్‌లు మోసుకొస్తున్న డోరీన్ అడ్డుపడింది. హెస్టర్ పోయాక మా జట్టు టీ పని ఆవిడదే. "తాళం తలుపుకే కదా! స్తంభాల మీదున్నది ఏంటి నాయనా, గొడుగా?"

రెండు జట్లూ తలుపు ముందరి వసారాలో ఇరుక్కున్నాయి. హెస్టర్ కప్పులూ సాసర్లూ లోపలే ఉండిపోయాయి. డోరీన్ తెచ్చిన ఖాళీ జామ్ సీసాల్లో తాగాం. అవతలి కెప్టెన్ నన్ను లోపలికి జరిపి, వానకు తన వీపు అడ్డుపెట్టాడు. ఆ సాయం మరచిపోను.

అంతలో టార్ల్‌టన్ గొడుగైనా లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"దిగండి! రేపిక్కడ పెళ్లి! ఆ బురద బూట్లేంటి?"

డోరీన్ ఓ సీసా అందించింది. "టీ తాగండి సార్. పైకి రమ్మందామంటే చోటు లేదు మరి. తాళం తీస్తే మాత్రం బోలెడుంది."

అందరూ పగలబడి నవ్వారు. టార్ల్‌టన్ అంపైర్ వైపు చూశాడు. ప్రాత్ శాండ్‌విచ్ నములుతూ, "పైకప్పుంది, టీ ఉంది. నాకింకేం కావాలి?" అన్నాడు.

ముక్కు మీంచి నీళ్లు కారుతుండగా టార్ల్‌టన్ తాళంచెవి తీశాడు.

లోపల, పూడ్చిన రంధ్రాలు గోడంతా మచ్చల్లా కనిపించాయి. నా కోపం చల్లారలేదు. అయినా హెస్టర్ నీలిగీతల కప్పొకటి తుడిచి, మొదటి టీ ఆయనకే పోశాను. ఆవిడున్నా అదే చేసేది.

"చక్కెర?" అన్నాను.

"రెండు చెంచాలు," అన్నాడు తలెత్తకుండా.

ఒకటే వేశాను.