సుత్తి కింద ఖాళీ గది

ఆవుల్ని అమ్మేశాక నా చేతులకు పని పోయింది. తుంటి అరిగిందని డాక్టరు తేల్చి చెప్పాడు. చలి ముదరకముందే మందనంతా లారీలెక్కించి, మేత భూమిని పక్కవాళ్ళకు కౌలుకిచ్చేశాను. అయినా తెల్లవారకముందే మెలకువ వచ్చేది. బూట్లు తొడుక్కుని దొడ్డి దాకా వెళ్ళి, గేటు తీసి, కాసేపు చూసి, మళ్ళీ వేసి వచ్చేవాణ్ణి. లోపల గాలి తప్ప ఏమీ ఉండేది కాదు. వ్యోమింగ్‌లో దానికి మాత్రం ఎన్నడూ కరువు లేదు.

"ఆ గేటు నీకేం పాపం చేసింది?" అంది నా భార్య లోర్నా. "బందులు ఊడొచ్చేలా ఉన్నాయి. ఎక్కడికైనా పో ఎల్డన్. మనుషుల్లోకి పో."

పోయాను. బందులకు మేకులు కొనడానికే పోయాను. డ్వేన్ కొట్లో మేకులు ఒక వైపు, తుపాకులు ఒక వైపు ఉంటాయి. గాజు పెట్టెలో ఒక రివాల్వర్ కనిపించింది. పాతకాలపు రకం, వాల్‌నట్ కర్ర పిడి. ఇంట్లో రైఫిళ్ళున్నాయి గానీ రివాల్వర్ నేనెన్నడూ కొనలేదు. చేతిలోకి తీసుకుంటే బరువు సరిగ్గా అరచేతిలో కూర్చుంది. నాలుగు నెలలుగా ఖాళీగా ఉన్న చేయి అది.

"దీంతో దేన్ని కొట్టొచ్చు?" అన్నాను.

"ఇంతదాకా కొన్నవాళ్ళెవరూ దేన్నీ కొట్టలేదోయ్," అన్నాడు డ్వేన్. "నెలకో శనివారం పాత కంకర గోతి దగ్గర చేరి ఇనప పలకల్ని కాలుస్తాం. అందరం వెనకటి కౌబాయిల్లా తయారై రావాలి."

"నేను పుట్టినప్పట్నుంచీ పశువుల్లోనే ఉన్నాను. ఇంకా వేషమెందుకు?"

"అందుకే! దాణా కొట్టువాళ్ళిచ్చిన టోపీ పెట్టుకుని తిరిగేవాణ్ణి కౌబాయంటే ఎవడు నమ్ముతాడు?"

కొనేశాను. మేకులు మరిచిపోయాను.

లోర్నా తమ్ముడి సంగతి ఇంటి దారిలో గుర్తొచ్చింది అనడం అబద్ధమే అవుతుంది. పెట్టె తెరిపించినప్పుడే గుర్తుంది. ఆ తమ్ముడు రాయిస్ పందొమ్మిదో ఏట కంచె దాటుతూ చనిపోయాడు. నడుముకున్న రివాల్వర్ జారి రాతి మీద పడి పేలింది. అలాంటి పాతకాలపుదే. పెళ్ళయిన కొత్తలో ఒకే ఒకసారి చెప్పింది, మళ్ళీ ఎత్తలేదు.

దాన్ని ట్రక్కు సీటు వెనక దాచాను. రోజూ వెళ్ళి అందులో కూర్చుని, తీసి చూసి, మళ్ళీ దాచేవాణ్ణి. ఒకరోజు లోర్నా వచ్చి కిటికీ అద్దం మీద కొట్టింది.

"కదలని బండిలో ఎక్కడికి పోతున్నావు రోజూ?"

చూపించాను. ఆవిడ ముట్టుకోలేదు. ముఖం చలికి బిగుసుకున్నట్టయింది.

"ఎవరితో కాలుస్తావు?"

చెప్పాను.

"నేనూ వస్తాను. చూస్తాను. చూశాక ఒకే మాట చెబుతా. వద్దన్నానంటే సోమవారానికి అది డ్వేన్ గాజు పెట్టెలో ఉండాలి."

"సరే," అన్నాను. ఆ శనివారం దాకా నాకు కుర్చీలో కుదురు లేదు. అన్నం దగ్గర కూడా కాలు ఆడిస్తూనే ఉన్నానని తిట్టింది.

కంకర గోతి దగ్గర పొడుగు కోట్లు, తోలు చొక్కాలు, మీసాలకు మైనం. వాళ్ళందరినీ నేనెరుగుదును. ఒకడు బడి బస్సు నడుపుతాడు, ఒకడు పళ్ళ డాక్టరు. అక్కడ మాత్రం ఎవరి అసలు పేరూ చెల్లదు. సంఘానికి పెద్ద మెర్ల్ పేరు కాఫీమడ్డి. పోస్టాఫీసు డోరిస్ పేరు ఉరుములవ్వ.

"నీ పేరేంటి?" అన్నాడు మెర్ల్.

"ఇంకా అనుకోలేదు."

"రాయండర్రా, ఇంకా-అనుకోలేదు," అని అరిచాడు. అదే ఖాయమైంది.

తూటాలు నింపే బల్ల దగ్గర కూర్చోవలసిన మనిషి ఆ రోజు రాలేదు. మెర్ల్ టోపీ తీసి లోర్నా ముందు నిలబడ్డాడు. "మేడమ్, ఊరికే కూర్చునేకంటే సాయం పడతారా? ప్రతివాడూ మీ ముందే నింపుకుంటాడు. రివాల్వర్ చక్రంలో గదులు ఆరు, మేం నింపేది ఐదే. ఒకటి వేసి, ఒకటి వదిలి, నాలుగు వేసి, తూటాని కొట్టే ఈ సుత్తిని పూర్తిగా వెనక్కి లాగి మెల్లిగా దించితే, అది ఖాళీ గది మీద కూర్చుంటుంది. తూటా మీద కూర్చుందనుకోండి, కిందపడి ఎక్కడైనా తగిలితే..."

"తెలుసు," అంది లోర్నా. "ఖాళీ అని నాకెలా కనబడుతుంది?"

"పక్కనుంచి వంగి చూడండి. తూటా వెనకంచు ఇత్తడి మెరుస్తుంది. సుత్తి కింద మెరవకూడదు. మీరు 'పో' అనందే ఎవడూ బల్ల దాటకూడదు. తప్పుగా నింపుకుని దాటితే ఆ రోజుకి ఇంటికే."

"నా మొగుడైనా?"

"మా అమ్మైనా."

లోర్నా కుర్చీ లాక్కుని కూర్చుంది. మళ్ళీ ఒకసారి మొత్తం చెప్పించుకుంది. ఆపైన మనుషులు వరసగా వచ్చారు. ఒక్కొక్కరి దగ్గరా వంగింది, చూసింది, 'పో' అంది. ముఖంలో ఏమీ తెలియలేదు. వరసలో నా వంతు కోసం నిలబడి నేను చూసిందల్లా ఆ ముఖమే.

నా వంతు వచ్చింది. వెనకనుంచి కేకలు: "ఇంకా-అనుకోలేదూ! తొందరగా అనుకో!" గాలి టోపీని లాగుతోంది. డ్వేన్ నేర్పినట్టు వంటింట్లో కాలిన తూటాల ఖాళీ తొడుగులతో ఎన్నోసార్లు చేసిన పనే. ఒకటి వేశాను. ఆపైన నాలుగు వేశాను. బతుకంతా తొట్లు నింపినవాణ్ణి, ఒక తొట్టి వదిలి ముందుకు పోవడం నా చేతులకు అలవాటు లేదు. సుత్తి లాగి దించి, నడుము తోలుసంచిలో పెట్టుకుని, ఆవిడ 'పో' అనకుండానే తిరిగాను.

చొక్కా చేయి పట్టుకుని లాగింది.

"తియ్యి."

గొట్టం గోతి గట్టు వైపే ఉంచి తీశాను. లోర్నా వంగింది.

"మెరుస్తోంది," అంది.

మెర్ల్ గబగబా వచ్చాడు.

"ఫరవాలేదు మేడమ్, ఇంకా బల్ల దగ్గరే ఉన్నాడుగా. తూటాలు తీసి మళ్ళీ నింపుకుంటాడులే. కొత్తాడు."

"ఏ కాలు బల్ల దగ్గరుంది?"

"ఎడమది."

"కుడిది?"

మెర్ల్ నా బూటు వైపు చూశాడు. "అదీ... దాటిందనే అనాలి."

"దాటితే ఏమన్నారు మీరు?"

"ఇంటికి."

"అయితే పంపండి."

"మా ఆయన్ని కూడా ఎవరైనా ఇలా పంపితే బావుణ్ణు," అంది ఉరుములవ్వ. అందరూ నవ్వారు. లోర్నా నవ్వలేదు. "తరవాత ఎవరు?" అంది.

తూటాలు తీసేసి ట్రక్కు వెనక తలుపు దించి కూర్చున్నాను. ఒక్క గుండు కూడా కాల్చలేదు. లేచాను, కూర్చున్నాను, టైర్లు తన్ని చూశాను. ఆవిడ ఇంటికి పోదామంటుందని చూశాను. ఆవిడ లేవలేదు. పళ్ళ డాక్టరు "నేను ఇరవయ్యేళ్ళుగా ఇదే చేస్తున్నాను మేడమ్" అనడం వినిపించింది. "అయితే చూపించడానికి బద్ధకం దేనికి?" అంది లోర్నా. మధ్యాహ్నం అందరితో బల్ల చుట్టూ చేరి చిల్లీ అనే మాంసం కూరలో దాల్చినచెక్క రొట్టె ముంచుకు తింది. నాకూ ఒక గిన్నె తెచ్చి, మాట్లాడకుండా చేతికిచ్చి వెళ్ళిపోయింది.

తిరుగుదారిలో సేజ్ పొదల మీదికి దుమ్ము రేగుతోంది. ఆవిడ మాట కోసం ఆగలేకపోయాను.

"సోమవారం డ్వేన్‌కి ఇచ్చేస్తాలే."

మా గేటు దగ్గర బండి ఆపాక అంది: "ఆవేళ రాయిస్ పక్కన ఎవరూ లేరు. వాడి దాంట్లో ఆరూ ఉన్నాయి. చూపించు అని అడిగే మనిషి ఒక్కరు లేరు."

నేను ఇంజను ఆపేశాను.

"ఆ మెర్ల్ బల్ల మీద గుడ్డ కూడా పరవడు. తూటాలన్నీ దొర్లి మట్టిలో పడుతున్నాయి. వచ్చే నెల ఇంటినుంచి పాత దుప్పటి పట్టుకెళ్ళాలి." తలుపు తీసి దిగింది. "నువ్వు మాత్రం ఈలోగా రోజూ నాకు నింపి చూపించాలి. ఒక్కనాడు మెరిసినా, దాన్ని నేనే తీసుకెళ్ళి ఆ పెట్టెలో పెట్టొస్తా."

మర్నాడూ తెల్లవారకముందే మెలకువ వచ్చింది. వంటింట్లో దీపం వేసి, బల్ల మీద కాలిన తొడుగులు పెట్టుకున్నాను. లోర్నా చలికోటు కప్పుకుని, కాఫీ పట్టుకుని వచ్చి నిలబడింది. ఒకటి వేశాను. ఒకటి వదిలాను. నాలుగు వేసి, సుత్తి లాగి దించాను. ఆవిడ వంగి చూసింది.

"పో," అంది.

ఆ వేళప్పుడు ఎక్కడికి పోవాలో తెలియలేదు. కాళ్ళు ఊరుకోక దొడ్డి దాకా వెళ్ళి, గేటు తీసి, ఇంటికొచ్చేశాను. గేటు మళ్ళీ వేయలేదని కాఫీ తాగేటప్పుడు గుర్తొచ్చింది. అది గాలికి కొట్టుకుంటూనే ఉంది. లేచి వెళ్ళలేదు.