దూలం మీద మేకులు

మా షెడ్డులో చెక్కపెట్టెలు చేస్తాం. పంపులూ మోటార్లూ తయారుచేసేవాళ్ళు సరుకు లారీ ఎక్కించాలంటే ముందు మా దగ్గర పెట్టె కావాలి. వాళ్ళు కొలత ఇస్తారు, మేం కోసి, బిగించి ఇస్తాం. ఎనిమిదిమందిమి పనిచేస్తాం. కోతయంత్రం దగ్గర నిలబడే ఆయన్ని అందరం రంపం బాబాయ్ అంటాం. ఆయన మాటా కోసినట్టే ఉంటుంది. మేకుల బల్ల దగ్గర మా వదిన. పది మేకులు పెదవుల మధ్య పట్టుకుని, ఒక్కొక్కటే తీసి, మొన మీద సుత్తితో ఒక దెబ్బవేసి మొద్దుచేసి, అప్పుడు చెక్కలోకి దించుతుంది. మొన మొద్దుగా ఉంటే చెక్క చీలదు. అందుకని ఆమె మాట్లాడేదంతా నోటి కుడి మూలనుంచే వస్తుంది.

కొలతలు గీయడం, ఆర్డర్లు బోర్డు మీద రాయడం, ఫోనెత్తడం నా పని. నోట్లో నాలుక లేనివాడి చేతికి ఫోనిచ్చాడు చూడు మన పెద్దాయన అని బాబాయ్ నవ్వుతుంటాడు. పెద్దాయన అంటే యజమాని. పొద్దున గుమ్మంలో చెప్పులు విడుస్తూనే బోర్డు వైపు చూసేవాడు. నిండుగా ఉంటే ఆ రోజు అందరూ మంచివాళ్ళే. ఖాళీగా ఉంటే టీలో చక్కెర కూడా తప్పే. మేమూ అంతే, బోర్డునుబట్టే ధైర్యం తెచ్చుకునేవాళ్ళం, దాన్నిబట్టే భయపడేవాళ్ళం.

ఒకరోజు ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఏదో సర్వే ఆఫీసట.

"నెలకోసారి చేస్తామండి. మీలాంటి కార్ఖానాలు కొన్ని వందలున్నాయి. పెద్ద లెక్కలేం అక్కర్లేదు. పోయిన నెలకంటే ఎక్కువా, తక్కువా, అంతేనా అని చెప్తే చాలు. ముందు కొత్త ఆర్డర్ల సంగతి చెప్పండి."

నేను బోర్డు చూసి, "నాలుగొందల పెట్టెలున్నాయమ్మా" అన్నాను.

"అవి చేతిలో ఉన్నవండి. ఈ నెలలో కొత్తగా వచ్చినవి?"

మళ్ళీ బోర్డు వైపు చూశాను. ఎండాకాలంలో వచ్చిన ఆర్డరూ నిన్న వచ్చిన ఆర్డరూ బోర్డు మీద పక్కపక్కనే ఉంటాయి. ఏది ఎప్పుడొచ్చిందో సుద్దముక్కకు తెలియదు.

"పర్లేదండి, వచ్చే నెలకి చూసి ఉంచండి" అని పెట్టేసింది. కసురుకుని ఉంటే మర్చిపోయేవాణ్ణేమో. అంత నెమ్మదిగా చెప్పేసరికి సిగ్గేసింది.

మర్నాటినుంచి నా బల్ల పైనున్న దూలానికి మేకులు కొట్టడం మొదలుపెట్టాను. కొత్తగా పది పెట్టెలకు ఆర్డరొస్తే ఒక మేకు. నెల మారితే కింద ఇంకో వరస. చదివింది ఊళ్ళో ఐదో తరగతి వరకే, నాకు కాగితం మీదకంటే చెక్క మీద చూపు బాగా ఆనుతుంది.

మొదటి వరస ముప్ఫైఒకటి. రెండోది ఇరవైరెండు. మూడోది పద్నాలుగు.

ఆ మూడు నెలలూ షెడ్డు హోరెత్తిపోయింది. పంపులవాళ్ళ పెద్ద ఆర్డరు బోర్డు నిండా ఉంది. రంపపు పొట్టు మోకాళ్ళదాకా పేరుకునేది. వదిన సుత్తికి ఊపిరి సలిపేది కాదు. పెద్దాయన ఇంకో ఇద్దరు మనుషుల కోసం వెతుకుతున్నాడు. ఒక సాయంత్రం ఆయనకు దూలం చూపించాను.

"వాన ఆగిపోయిందండి. మనం చూస్తున్నది చూరు నీళ్ళు" అన్నాను.

"ఏమయ్యా, మూడు నెలలకో మాట మాట్లాడతావు, అదీ అపశకునమేనా?" అని నవ్వేసి వెళ్ళిపోయాడు. నేను రెట్టించలేదు. అది నా తప్పే. కొత్తమనుషుల్ని తీసుకోకుండా మాత్రం ఆగాడు. ఎందుకని నేనడగలేదు.

చూరు నీళ్ళు కూడా ఆగాయి. పంపులవాళ్ళ చివరి లారీ వెళ్ళాక బోర్డు మీద రెండే వరసలు మిగిలాయి. ఆ నెల మేకులు ఆరు. కోతయంత్రం మధ్యాహ్నానికే ఆగిపోయేది. మేం తుడిచినచోటే తుడుస్తూ, పాత మేకుల వంకరలు తీస్తూ కూర్చునేవాళ్ళం. అలా ఇంకో రెండు నెలలు గడిచేసరికి ఎరువుల వ్యాపారి ఒకడొచ్చి షెడ్డు కొలుచుకుని పోయాడు. బస్తాలు వేసుకోవడానికి కావాలట. వచ్చే రెండో తారీకున తాళం తీసుకుంటానన్నాడు. పెద్దాయన మమ్మల్ని పిలిచి, మా ముఖాలు చూడకుండా చెప్పాడు.

"నెలాఖరుదాకా రండి. ఆ తర్వాత మీ దారి మీరు చూసుకోండి."

మా అన్న లారీ మీద పోతే పదిహేను రోజులకు గాని ఇంటి ముఖం చూడడు. ఇల్లు నడిచేది వదిన రెక్కల మీద. దగ్గర్లో దొరికే పని సీసాలు ఏరేచోట, రెండు బస్సులు మారి వెళ్ళాలి. ఆ సాయంత్రం ఆమె నోట్లో మేకులు లేకుండా కూర్చుని ఉంటే నాకు ఎవరో కొత్త మనిషిలా కనిపించింది.

"ఏం మరిదీ, అలా చూస్తావు? నేనేం చచ్చిపోలేదు."

"చూడట్లేదు వదినా."

"చూశావు. సీసాల దగ్గరైతే నా నోరు ఖాళీగా ఉంటుందిలే, మీ అందర్నీ తిట్టుకుంటూ ఏరుకుంటా."

అయితే దూలం మీద ఇంకొకటి జరుగుతోంది. ఆరు తర్వాతి వరస ఎనిమిది. ఆ తర్వాతది పదకొండు. అన్నీ ఇరవయ్యో ముప్ఫయ్యో పెట్టెల చిల్లర ఆర్డర్లు. ఎప్పుడూ రాని తూకపు యంత్రాలవాళ్ళూ, గాలిపంకాలవాళ్ళూ అడుగుతున్నారు. బోర్డు మీద అవి కనబడీ కనబడనట్టే ఉండేవి.

నెలాఖరున ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"కొత్త ఆర్డర్లు?"

"ఎక్కువేనమ్మా."

పెద్దాయన వెనకే నిలబడి ఉన్నాడు. ఫోను లాక్కున్నాడు. ఆయనకు కాస్త చెవుడు, అందుకని స్పీకరు పెట్టుకుంటాడు. అందరం విన్నాం.

"అమ్మా, మావాడు చెప్పింది కొట్టెయ్. ఇక్కడ ఈగలు తోలుకుంటున్నాం. తక్కువని రాసుకో."

"అలాగేనండి. పోయిన నెల ఎన్ని పెట్టెలకి ఆర్డరొచ్చింది?"

పెద్దాయన నావైపు చూశాడు. నేను దూలం వైపు చూశాను. ఆయన తలెత్తి, పెదవులు కదుపుతూ మేకులు ఎంచాడు.

"ఎనభై."

"ఈ నెల?"

"నూటపది."

"మరి తక్కువని ఎలా రాయనండి?"

"షెడ్డు ఖాళీ తల్లీ! నీకేం, ఫోన్లో కూర్చుంటావు, నీకు కనపడదు."

"కనపడదండి. కానీ ఇవాళ మీ షెడ్డులో జరిగే పని ఎప్పుడో వచ్చిన ఆర్డర్లది. ఈ నెల వచ్చినవి ఇంకా మీ రంపం దాకా రాలేదు కదా. ముందర ఏం రాబోతుందో తెలియాలంటే దీన్నే ముందు అడగాలి."

రంపం అన్నది వినగానే బాబాయ్ సర్దుకుని నిలబడ్డాడు.

పెద్దాయన గొంతు తగ్గించాడు. "మిగతావాళ్ళంతా ఏమంటున్నారమ్మా?"

"ఎవరేమన్నారో చెప్పకూడదండి. ఒకటో తారీకు పొద్దున అందరిదీ కలిపి ఒక అంకె వేస్తారు. ఎక్కువన్నవాళ్ళు తక్కువన్నవాళ్ళని మించితే యాభై దాటుతుంది. లేకపోతే యాభైకి కిందే. చూసుకోండి."

ఫోను నా చేతిలో పెట్టి, ఆయన బయటికి వెళ్ళి చెక్కల దొంతి మీద చాలాసేపు కూర్చున్నాడు.

ఒకటో తారీకు పొద్దున పని లేకపోయినా ఎనిమిదిమందిమీ వచ్చాం. ఎవరూ పిలవలేదు. నా ఫోన్లో వెతికి చదివాను. కొత్త ఆర్డర్ల అంకె యాభైఒకటి పైచిలుకు. తొమ్మిది నెలల తర్వాత యాభై దాటడం ఇదే మొదలట.

"యాభై మీద ఒకటి. దానికే మేళతాళాలు పెట్టించమంటావా?" అన్నాడు బాబాయ్.

"నీ వేలు రంపానికి ఒక్క వెంట్రుకవాసి ఇవతల ఉందనేగా ఇన్నాళ్ళూ పదివేళ్ళతో తింటున్నావు? ఊరుకో" అంది వదిన.

పెద్దాయన నవ్వలేదు. దూలం కిందకు వచ్చి, చివరి వరస మీద వేలు పెట్టి నెమ్మదిగా అన్నాడు: "బోర్డు నిండాక మనుషుల్ని వెతికాను. ఖాళీ అయ్యాక పొమ్మన్నాను. రెండుసార్లూ పని జరిగిపోయాకే చూశాను. అప్పుడు వీడు చూరు నీళ్ళన్నాక కొత్తవాళ్ళిద్దర్ని తీసుకోవడం ఆపాను గాని, మాట మనసుకు పట్టించుకోలేదు."

మా అందరివైపూ ఈసారి ముఖం తిప్పి చూశాడు. "రెండు నెలలు చూద్దాం. నలుగురు ఒక వారం, నలుగురు ఒక వారం. సగం పనే, సగం జీతమే. ఇష్టమైతే ఉండండి."

వదిన మేకుల డబ్బా తీసి మూత విప్పింది. బాబాయ్ యంత్రానికి నూనె వేయడానికి వెళ్ళాడు. రెండో తారీకున ఎరువుల వ్యాపారి వస్తే పెద్దాయన కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, మాట తప్పినందుకు చేతులు పట్టుకుని పంపించాడు.

తర్వాతి నెల మేకులు తొమ్మిదే. రెండుసార్లు ఎంచి చూశాను.

"ఎక్కువని చెప్పరాదూ, ఆ పిల్లేమైనా వచ్చి లెక్కపెడుతుందా?" అంది వదిన.

"మనలాగే ఇంకెవరో ఒకటో తారీకు కోసం చూస్తుంటారు వదినా."

ఆమె మళ్ళీ మేకులు నోట్లో పెట్టుకుంది. నేను తక్కువనే చెప్పాను. ఆ పైనెల పదిహేను వచ్చాయి, ఆ తర్వాత ఇరవై. వారాల వంతులు పోయి అందరం రోజూ రావడం మొదలుపెట్టాం. రంపం చప్పుడుకి మళ్ళీ గట్టిగా అరుచుకోవలసి వస్తోంది.

మొన్న ఆ అమ్మాయి ఫోన్ చేసినప్పుడు కొత్త ఆర్డర్లు ఎక్కువని చెప్పి, ఇంకేదో చెప్పాలని గొంతు సవరించుకున్నాను. వదిన నోట్లోని మేకులు అరచేతిలోకి ఉమ్మి, ఫోను లాక్కుంది.

"ఏమ్మా, మా మరిదికి చెప్పడం రాదు, నేను చెప్తాను విను. నీ ధర్మమా అని నాలుగు మెతుకులు తింటున్నాం. ఇంతకీ నువ్వు తిన్నావా?"

"ఇంకా లేదండి... నేనేం చేశానండీ, అడిగానంతే."

"అడిగేవాళ్ళు ఎవరున్నారే తల్లీ! గంట మూడవుతోంది, ఇంకా తినలేదంటావేం? ఇంట్లో అమ్మ లేదూ?"

అక్కడినుంచి ఆ పిల్ల వాళ్ళమ్మ సంగతి, మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేకపోవడం చెప్పుకుంది. వదిన చల్లనీళ్ళు తగలనివ్వద్దని చెప్పింది. వెళ్ళి తిను, మళ్ళీ మాట్లాడదాం అని పెట్టేసింది.

ఐదు నిమిషాలకు మళ్ళీ మోగింది. ఆ పిల్లే, నవ్వుతోంది.

"అన్నయ్యగారూ, మాటల్లో పడి ఒకటి అడగడం మర్చిపోయాను. పనివాళ్ళు పోయిన నెలకంటే ఎక్కువా, తక్కువా?"

తెలిసిన సంగతే అయినా తలెత్తి ఒక్కొక్కళ్ళనే లెక్కపెట్టాను. రంపం దగ్గర ఇద్దరు, బల్ల దగ్గర నలుగురు, చెక్కలు మోస్తూ ఒకడు, నేను.

"అంతేనమ్మా" అన్నాను. "ఎనిమిదిమందిమీ ఉన్నాం."