గేర్‌బాక్స్ కాదు

కారు మూలుగుతోందని మొదట కనిపెట్టింది పెద్దకోడలే. వేగం నలభై దాటితే చాలు, అడుగున ఎక్కడో జోరీగ దూరినట్టు సన్నగా మొదలై, అరవై దగ్గర ప్రాణం తోడేసేది. పెద్దకోడలు, చిన్నకోడలు కలిసి ఓ లాండ్రీ నడుపుతున్నారు. చిన్నాచితకా ఆసుపత్రుల దుప్పట్లు, దిండు గలీబులు తెచ్చుకుని, ఉతికి, ఇస్త్రీ చేసి తిరిగి అప్పగించడం వాళ్ళ పని. ఆ మూటలన్నీ మోసేది వెనక సీటు పీకేసిన ఈ పాత కారే. భర్త పోయాక పెద్దకోడలు పంతం పట్టి డ్రైవింగు నేర్చుకుంది. ఆ రోజు నుంచి స్టీరింగు ఇంట్లో ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

మెకానిక్ వీధి చివరిదాకా నడిపి చూశాడు. అసలే పని వత్తిడిలో ఉన్నాడేమో, గేర్‌బాక్స్ పోయింది, దించి విప్పాలి, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేనన్నాడు. ఆ మాట మరిదికి, అంటే చిన్నకోడలి మొగుడికి, బాగా అందివచ్చింది. మూటలు మోసే పని వ్యాను ఉన్న తన స్నేహితుడికి అప్పగించేద్దామని అతను ఎప్పటినుంచో చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు.

"ఇక ఆ కారు తీసేద్దాం వదినా. అయినా ఒక్క చెవితో బండి నడపడమేంటి చెప్పు?"

పెద్దకోడలికి ఎడమ చెవి చిన్నప్పటినుంచీ వినపడదు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఇన్నాళ్ళూ మొహం మీద అనలేదు. ఆమెకు ఒళ్ళు మండింది. అయినా చేతిలో దుప్పటి మడత పెట్టడం పూర్తయ్యాకే నోరు విప్పింది.

"మూలుగు ముందు విన్నది ఈ ఒక్క చెవే కదా. నీ రెండు చెవులూ అప్పుడేం చేస్తున్నాయి మరిదీ?"

చిన్నకోడలు నవ్వు ఆపుకోలేక మొగుడికి కనపడకుండా తల తిప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే మూటలు ఎక్కించుకుని తోడికోడళ్ళిద్దరూ ఊరి బయట రోడ్డెక్కారు. అటో ఇటో తేల్చుకోకుండా వెనక్కి రాకూడదని పెద్దకోడలి పట్టుదల. ఏ శబ్దమైనా ఆమెకు కుడివైపు నుంచే వచ్చినట్టుంటుంది కాబట్టి, చెవిని నమ్ముకుని లాభం లేదు. చిన్నకోడలిని అడిగితే, "నా కాళ్ళ కిందే అక్కా" అంది ఖాయంగా. డ్రైవింగు నేర్పిన మాస్టారు ఓసారి, శబ్దం ఎక్కడుందని వెతక్కు, ఎప్పుడు మారుతోందో చూడమన్నాడు. ఆమె ఆ దారే పట్టింది.

ముందు కారు పక్కకు ఆపి, యాక్సిలరేటరు గట్టిగా తొక్కి చూసింది. మూలుగు లేదు. అంటే ఇంజను తప్పేం లేదన్నమాట. మళ్ళీ రోడ్డెక్కి వేగం అందుకున్నాక గేరు మార్చి చూసింది. ఇంజను గొంతు మారింది కానీ మూలుగు మారలేదు. చివరికి గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలేసింది. ఇంజను మెత్తబడింది. మూలుగు మాత్రం నాకేం సంబంధం అన్నట్టు సాగుతూనే ఉంది.

"గేర్‌బాక్స్ కాదే" అంది పెద్దకోడలు.

గతుకుల రోడ్డు మీదా, కొత్తగా తారు వేసిన చోటా ఒకేలా వినిపించింది కాబట్టి టైర్లూ కావు. ముందూ వెనకా ఎవరూ లేని చోట చూసుకుని, స్టీరింగును మెల్లగా ఎడమకి తిప్పింది. బరువు కుడి చక్రాల మీద పడగానే మూలుగు హెచ్చింది. కుడికి తిప్పితే గొంతు నొక్కినట్టు తగ్గిపోయింది. మళ్ళీ ఎడమకి. మళ్ళీ హెచ్చింది. వెనక చక్రమేమోనని కారాపి చిన్నకోడలిని మూటల మధ్యకి పంపింది. ఆవిడ కారు లోపలి నేలకి చెవి ఆనించి కాసేపు వెళ్ళాక, ఇక్కడ అంత లేదక్కా, ముందే ఎక్కువని కేకేసింది.

అక్కణ్ణించి తిన్నగా మెకానిక్ దగ్గరికే వెళ్ళారు. ముందువైపు కుడి చక్రం బేరింగు పోయిందని చెబితే అతను నవ్వేశాడు. పెద్దకోడలు నవ్వలేదు. జాకీ వేయమంది. చక్రం గాల్లోకి లేచాక, దాని పైనున్న స్ప్రింగు మీద ఒక అరచెయ్యి ఆనించి, రెండో చేత్తో చక్రాన్ని తిప్పింది. లోపల ఇసక నలుగుతున్నట్టు గరగరమని చేతికి తగిలింది. ఎడమ చక్రం వెన్నలా తిరిగింది. అతన్నీ పట్టుకుని చూడమంది.

అతను రెండు చక్రాలూ తిప్పి చూసి తల గోక్కున్నాడు. "బేరింగే అమ్మా. కానీ గేర్‌బాక్స్ కూడా..."

"ముందు బేరింగు మార్చు. తర్వాత నా పక్కన కూర్చుని రా. అప్పుడూ మూలిగితే నీ ఇష్టం వచ్చింది విప్పుకో."

మార్చాడు, పక్కన కూర్చుని వచ్చాడు. అరవై దాటినా గాలి హోరు తప్ప ఇంకేం లేదు. తొందరపడి చెప్పానమ్మా అని అతనే ఒప్పుకున్నాడు.

ఆసుపత్రికి చేరేసరికి గేటు దగ్గర మరిదీ, అతని స్నేహితుడి వ్యానూ ఉన్నాయి. మూటలు ఇందులో వేసేయండి, ఈ రోజునుంచి ఇదే వస్తుందన్నాడు మరిది. పెద్దకోడలు నోరు తెరిచేలోగా చిన్నకోడలు దిగింది. పెళ్ళయ్యాక మొగుడికి ఎదురు చెప్పడం అదే మొదలు.

"కారు బాగైంది. వ్యాను పంపించెయ్. ఈసారి మా పని గురించి ఎవరికైనా మాటివ్వాలంటే ముందు మమ్మల్ని అడుగు."

అతను ఏదో అనబోయాడు. ఆవిడ అప్పటికే మూట చంకనెత్తుకుని లోపలికి నడిచింది.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు ఖాళీ అయ్యాక, "కాస్త ఆపక్కా" అంది చిన్నకోడలు. దిగి, చుట్టూ తిరిగి వచ్చి, పెద్దకోడలి వైపు తలుపు తీసి నిలబడింది. పెద్దకోడలు ఒక్క క్షణం ఆవిణ్ణి ఎగాదిగా చూసి, పక్క సీటులోకి జరిగింది.

చిన్నకోడలు స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పింది. కారు గుర్రంలా ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. ఒళ్ళో ఫోను మోగింది. మొగుడు. చిన్నకోడలు దాన్ని తీసి వెనక ఖాళీ సంచుల మీదకి విసిరి, మళ్ళీ తాళం తిప్పింది.

"క్లచ్ మెల్లగా వదలవే" అంది పెద్దకోడలు.